ఇల్లు కట్టేటప్పుడు ఏ పని మనం చేసుకోవచ్చు, ఏది మేస్త్రీకే వదిలేయాలి

"కొంత పని మేమే చేసుకుంటే ఎంత మిగులుతుంది?" నల్లగొండలో మా ఇల్లు లేచినప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఇదే అడుగుతున్నారు. అందరి మనసులో ఉండేది రంగుల ఖర్చే. నేను మాత్రం ముందు ఇంకోటి అడుగుతాను: స్లాబ్‌కు నీళ్లు ఎవరు కొడుతున్నారు? చాలామంది చెప్పే జవాబు, "మేస్త్రీ చూసుకుంటాడు." మేస్త్రీని అడిగితే, "ఓనర్ వాళ్లు కొట్టుకుంటున్నరు" అంటాడు. మధ్యలో స్లాబ్ ఎండిపోతూ ఉంటుంది.

మేస్త్రీకి పని రాక కాదు. పాలమూరు మేస్త్రీలు, కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టినవాళ్లు. కానీ మనం గుత్త మాట్లాడేది అడుగుకు ఇంత అని. పది రోజుల పాటు రోజుకు మూడుసార్లు నీళ్లు కొట్టే మనిషి కూలీ ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. అందుకే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. మీరు ఒక్క పనే చేయగలిగితే, అది చేయండి.

మిగతా పనులకు నేను వాడే కొలత ఒకటే. తప్పు జరిగితే కంటికి కనబడి, మళ్లీ చేసుకోగలిగితే ఆ పని మీరు చేయొచ్చు. తప్పు కాంక్రీట్‌లోనో, గోడలోనో, టైల్స్ కిందో దాగిపోయేదైతే చేయి పెట్టకండి. పక్కన నిలబడి చూడండి, అంతే.

ఈ పనులు మీరు చేయొద్దు

పునాది, పిల్లర్లు, బీములు, స్లాబ్, వాటిలో ఇనుము కట్టడం. సెంట్రింగ్ (కాంక్రీట్ గట్టిపడేదాకా దాన్ని మోసే రేకులు, కర్రలు) ఊడదీయడం. గోడలోపలి కరెంటు వైరింగ్, మెయిన్ బోర్డు, ఎర్తింగ్. గోడలోపల పోయే నీళ్ల పైపులు, బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్. మొదటి అంతస్తు దాటిన బయటి గోడలకు పరంజా ఎక్కి చేసే ఏ పనైనా. ఇంటి పక్క నుంచి 11 కేవీ లైను పోతుంటే, ఇనుప నిచ్చెన గానీ పొడుగు కడ్డీ గానీ ఆ దిక్కుకు తీసుకుపోకండి.

చెదల మందు కూడా వద్దు. పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు ఉంది కదా అని పునాదిలో పోసినవాళ్లను చూశాను. ఏ మందు, ఎంత పాళ్లు, ఎక్కడెక్కడ అన్నది తెలిసినవాళ్ల పని. పక్కనే మీ బోరు ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

కావలసినవి

నీళ్లకు: ఇంటి పొడుగుకు సరిపడా పైపు, గోనె సంచులు, ఒక డ్రమ్ము, అతుకులు లేని మోటారు వైరు. పరీక్షలకు: టేపు, గాజు సీసా, గుప్పెడు ఉప్పు, చిన్న తూకం మిషన్, 15 లీటర్ల బకెట్లు రెండు. రంగులకు: లప్పం (పుట్టీ) పూసే పట్టీలు రెండు సైజులు, 180, 320 నంబర్ల గీకుడు కాగితం, రోలర్, రెండించుల బ్రష్, మాస్కింగ్ టేపు, పాత దుప్పట్లు. ఒంటికి: రబ్బరు గ్లౌజులు, గమ్ బూట్లు, కళ్లద్దాలు, మాస్కు. సిమెంటు, సున్నం చర్మాన్ని కాల్చేస్తాయి. కంట్లో పడితే రుద్దకుండా చాలాసేపు మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక నోట్‌బుక్కు, ఫోన్‌లో ఫొటోలకు ఖాళీ కూడా ఉంచుకోండి. వీటి విలువ తర్వాత తెలుస్తుంది.

1. ముందు లెక్క వేసి, కాగితం మీద పెట్టుకోండి

మీరు చేద్దామనుకున్న పనికి సామాను కాకుండా కూలీ ఎంతో విడిగా అడగండి. ఒక పెయింటర్ కూలీకి 24,000 అడిగాడనుకుందాం. అదే పని మీకు 12 రోజులు పడుతుంది, ఆ 12 రోజులు మీ పని మానుకుంటే రోజుకు 800 చొప్పున 9,600 పోతాయి, పనిముట్లకు 3,000. మిగిలేది 11,400. 24,000 మిగిలాయని ఎవరైనా చెబితే తన కష్టానికి విలువ కట్టుకోలేదని అర్థం. ఆదివారాలు చేసుకుంటాం అనేవాళ్లు ఇంకోటి చూసుకోండి: పని ఒక నెల వెనక్కి జరిగితే కిరాయి ఇంటి అద్దె ఇంకో నెల కట్టాలి.

సొంత జాగలో కట్టించుకునేవాళ్లు మేస్త్రీతో మొదటి రోజే మాట్లాడుకోండి. "అన్నా, నీళ్లు, రంగులు మావి. రేటు దాన్ని బట్టే చెప్పు" అని. మధ్యలో చెబితే తగ్గించరు. కూలీలకు మీరు నేరుగా పని చెప్పకండి. ఏదున్నా మేస్త్రీతోనే. అతని మాట పక్కకుపోయిన రోజు నుంచి ఎవరూ ఎవరి మాటా వినరు.

బిల్డర్ దగ్గర ఇల్లు గానీ ఫ్లాట్ గానీ కొనేవాళ్ల సంగతి వేరు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్వాధీనం చేసిన ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం బయటపడి, మీరు చెబితే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. ఇది రెరా కిందికి వచ్చే ప్రాజెక్టులకు. మన ఊళ్లలో ఒక్కో ఇల్లుగా కట్టి అమ్మేవి చాలావరకు దాని బయటే ఉంటాయి. ఎక్కడైనా చిక్కు ఒకటే. మీరు గోడ తవ్వి కరెంటు పాయింట్ పెట్టుకున్నాక పగులు వస్తే, "మీరు తవ్వబట్టే వచ్చింది" అంటారు. అందుకే రంగులు, కప్‌బోర్డులు మేం చేసుకుంటాం అనుకుంటే, ఆ పని మినహాయించిన ధర రాతలో తీసుకోండి. తాళాలు మీ చేతికి వచ్చిన రోజే గది గదికీ ఫొటోలు తీయండి. ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.

ఇందిరమ్మ ఇల్లు వచ్చినవాళ్లకు ఈ లెక్క ఇంకా ముఖ్యం. సాయం 5 లక్షలు, అదీ పని నడిచిన కొద్దీ దశలవారీగా పడుతుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600 దాటకుండా ఉండాలి. అంత చిన్న ఇంట్లో నీళ్లు, మోత పని, రంగులు ఇంటివాళ్లు చేసుకుంటే తేడా కంటికి కనబడుతుంది.

2. సామాను దిగిన రోజు మీరు అక్కడ ఉండండి

ఇది చెమట పట్టే పని కాదు. కానీ మీకంటే శ్రద్ధగా ఇంకెవరూ చేయరు.

ఇటుక: లోడులో నుంచి, పైవి కాకుండా మధ్యలోవి పది తీయండి. రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి. మూడు నాలుగు అడుగుల ఎత్తు నుంచి మట్టి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు. గోరుతో గీస్తే గీత పడకూడదు. ఎండు ఇటుకను తూచి, ఒక రోజంతా నీళ్లలో వేసి మళ్లీ తూచండి. బరువు ఐదో వంతు కంటే ఎక్కువ పెరగకూడదు. అంటే 3 కిలోల ఇటుక 3 కిలోల 600 దాటితే ఆ బట్టీ వద్దు.

ఇసుక: గాజు సీసాలో సగం దాకా ఇసుక, పైన ఉప్పు కలిపిన నీళ్లు పోసి గట్టిగా ఊపి మూడు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక మీద సన్నటి ఒండ్రు పొర తేలుతుంది. ఇసుక 10 సెంటీమీటర్లు ఉంటే ఆ పొర 8 మిల్లీమీటర్లు దాటకూడదు. మూసీ ఇసుకైనా, దుందుభి ఇసుకైనా, కృష్ణ ఇసుకైనా సీసా ముందు అన్నీ ఒకటే. ట్రాక్టర్ అతను చెప్పే పేరును కాదు, సీసాను నమ్మండి. రోబో సాండ్‌కు (రాయిని పొడి చేసిన ఇసుక) ఈ లెక్క సరిపోదు. దానికి కడిగిన రకమే అడగండి.

సిమెంటు: సంచి మీద తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటింది దించుకోకండి. వాడపల్లి, మట్టంపల్లి, మేళ్లచెర్వు ఫ్యాక్టరీలు ఇంత దగ్గర పెట్టుకుని పాత సరుకు కొనే ఖర్మ మనకెందుకు? నేల మీద చెక్కలు వేసి, గోడకు అడుగు దూరంలో, పది సంచులకు మించకుండా పేర్చండి.

ఇనుము: మీటరు ముక్కలు నాలుగైదు కోయించి తూచి సగటు తీయండి. 8 ఎంఎం 395 గ్రాములు, 10 ఎంఎం 617, 12 ఎంఎం 888, 16 ఎంఎం 1,580 ఉండాలి. మొదటి రెండు సైజుల్లో ఏడు శాతం, తర్వాతి రెండింటిలో ఐదు శాతం అటూ ఇటూ ఒప్పుకుంటారు. 12 ఎంఎం సగటు 840 గ్రాముల కిందికి వస్తే లోడు వెనక్కి పంపండి. మొహమాటం వద్దు.

3. స్లాబ్ రోజు బకెట్లు లెక్కపెట్టండి

ఇంటిల్లిపాదీ కొబ్బరికాయలు, భోజనాల హడావుడిలో ఉంటారు. మీరు మాత్రం మిల్లర్ (కాంక్రీట్ కలిపే మిషన్) దగ్గర నిలబడండి. సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ల ఎం20 రకం కాంక్రీట్‌కు 50 కిలోల సిమెంటు సంచికి నీళ్లు 30 లీటర్లు దాటకూడదని కాంక్రీట్‌కు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. 15 లీటర్ల బకెట్లతో రెండు. ఇసుక తడిగా ఉంటే అంతకంటే తక్కువే. మాలు (కలిపిన కాంక్రీట్) జారుగా ఉంటే కూలీలకు పరవడం సులువు, అందుకే మధ్యాహ్నం తర్వాత మూడో బకెట్ మెల్లగా వస్తుంది. గొడవ పెట్టుకోకుండా, బకెట్లు మీ చేతిలో ఉంచుకుని మీరే అందించండి. మాలు మరీ గట్టిగా ఉండి వైబ్రేటర్ పెట్టినా సర్దుకోకపోతే నీళ్లు పోయమనకండి, ఇంజినీరుకు ఫోన్ చేయండి.

పోయకముందు ఇంకో చూపు: స్లాబ్ ఇనుము కింద కవర్ బిళ్లలు (ఇనుముకు, కాంక్రీట్ అంచుకు మధ్య ఎడం ఉంచేవి) ఉన్నాయా? ఆ ఎడం స్లాబ్‌కు 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌కు 40, పునాదికి 50 ఉండాలి. బిళ్లలకు బదులు కంకర రాళ్లు తోసి పెడితే తీయించండి. కొన్నేళ్లకు పైకప్పు పెచ్చులు ఊడి తుప్పు ఇనుము కనబడే ఇళ్లలో చాలావాటికి మొదలు ఇక్కడే.

4. నీళ్లు పట్టడం: మీ అసలు పని

సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది తడిలోనే గట్టిపడుతుంది. ముందే ఎండిపోతే అక్కడితో ఆగిపోతుంది. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా పోయిన బలం పూర్తిగా రాదు.

ఎన్ని రోజులు: ఓపీసీ (మామూలు) సిమెంటైతే కనీసం 7 రోజులు, పీపీసీ (బూడిద లాంటివి కలిపిన రకం) అయితే 10. ఎండలు మండే, గాలి పొడిగా ఉండే రోజుల్లో ఇవి 10, 14 అవుతాయి. మన దగ్గర ఫిబ్రవరి చివరి నుంచి జూన్ వానల దాకా రెండో లెక్కే పట్టుకోండి. సంచి మీద ఏ రకమో రాసి ఉంటుంది, చూడండి. ఇళ్లకు ఎక్కువగా దిగేది పీపీసీనే.

స్లాబ్: పోసిన సాయంత్రం పైపొర వేలితో నొక్కితే దిగనంత అయ్యాక తడి గోనె సంచులు పరచండి. తెల్లారి వాటిని తీసి, మట్టితో గానీ పలుచని సిమెంటు మాలుతో గానీ రెండించుల ఎత్తు గట్లు వేసి వరి మడుల్లాగా కట్టండి. ఒక్కో మడి ఒకటిన్నర, రెండు గజాలుంటే చాలు. పెద్దదైతే నీళ్లన్నీ వాలు పక్కకు పోయి, ఎత్తు పక్క ఎండిపోతుంది. అంగుళం నీళ్లు ఎప్పుడూ నిలబడి ఉండాలి.

నీళ్ల లెక్క ముందే చూసుకోండి. 800 చదరపు అడుగుల స్లాబ్ మీద అంగుళం నిలపాలంటే దాదాపు 1,900 లీటర్లు కావాలి. మే నెల ఎండకు ఆవిరయ్యేది మళ్లీ మళ్లీ నింపాలి. వైశాఖంలో ముహూర్తాలు బాగుంటాయని అందరూ అప్పుడే స్లాబ్ పెట్టుకుంటారు, మన బోర్లు గుక్కలు మింగేదీ అప్పుడే. బోరు అరగంట పోసి ఆగిపోయే జాగైతే ముందే ట్యాంకర్ మాట్లాడుకోండి, లేదా దీపావళి తర్వాతికి జరుపుకోండి. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టరు సరే, పోసిన స్లాబ్‌కు నీళ్లు పట్టడానికి మాత్రం ఏ మాసమూ అడ్డం రాదు.

పిల్లర్లు: అందరూ మరిచిపోయేది ఇవే. నిలువుగా ఉంటాయి కాబట్టి కొట్టిన నీళ్లు నిమిషంలో కిందికి జారిపోతాయి. పోసేటప్పుడు చుట్టూ బిగించిన పెట్టెలు తీయగానే గోనె సంచి చుట్టి సుతిలి తాడు కట్టి, ఆ సంచిని తడుపుతూ ఉండండి. వట్టి పైపుతో కొడితే మీకు తృప్తే తప్ప పిల్లర్‌కు ఏమీ అందదు.

గోడలు, గిలాబు (ప్లాస్టరింగ్): ఇటుక కట్టుబడికి తెల్లారి నుంచి 7 రోజులు, రోజుకు రెండు మూడు సార్లు. గిలాబు చేసిన ఒక రోజు తర్వాత మొదలుపెట్టి 7 రోజులు. ధారగా కొట్టకండి, వేలు అడ్డం పెట్టి జల్లులాగా చల్లండి. పడమటి గోడకు ఒక విడత ఎక్కువ కావాలి.

సరిగ్గా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? పొద్దున కాదు, మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి చూడండి. అప్పుడు గోడ మీద చేయి పెడితే చల్లగా, రంగు ముదురుగా ఉండాలి. తెల్లబడి, చేతికి దుమ్ము అంటుకుంటే పొద్దున కొట్టింది లెక్కలోకి రాదు. నోట్‌బుక్కులో తేదీ, ఎన్నిసార్లు, ఎవరు కొట్టారు అని రాయండి. మా ఇంట్లో మా మామయ్య ఈ పని చూశారు. రైతు కదా, మడి ఎండితే ఆయనకు నిద్ర పట్టదు. ఆయన పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది: "అల్లుడు పెళ్లికి పోయిండు, రెండుసార్లే." ఇప్పటికీ చూపించి నవ్వుతారు.

మోటారు వైరు జాగ్రత్త. తడి స్లాబ్ మీద అతుకుల వైరు, కాళ్లకు చెప్పులు లేకుండా పైపు పట్టుకోవడం, రెండూ ప్రాణం మీదికి తెచ్చేవే. స్టార్టర్ ఆపాకే పైపు కదపండి.

మా దగ్గర ఎక్కువ మంది అడిగే ఇంకో మాట: "నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్లతో కాంక్రీట్ పాడవుతుందా?" కట్టుబడి నీళ్లకు ప్రమాణం చూసేది పీహెచ్, క్లోరైడ్లు, సల్ఫేట్లు, మురికి వంటివి. పీహెచ్ 6 కంటే తగ్గకూడదు, ఇనుము ఉన్న కాంక్రీట్‌కు క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ జాబితాలో ఫ్లోరైడ్ లేదు. ఆ నీళ్లు గోడకు కాదు, తాగే మనిషికి చేటు. కాబట్టి కూలీలకు తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు క్యాన్‌లో పట్టి పెట్టండి. బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలితే మాత్రం పరీక్ష చేయించాకే కాంక్రీట్‌కు వాడండి.

సెంట్రింగ్ వాళ్లకు వేరే సైట్‌లో రేకులు కావాలి, నాలుగో రోజే వచ్చి నిలబడతారు. 15 అడుగుల లోపు గదుల స్లాబ్ కింది కర్రలు, జాకీలు కనీసం 7 రోజులు, అంతకు మించిన గదికి 14 రోజులు ఉండాలి. బీము కింద 20 అడుగుల లోపైతే 14, మించితే 21. ఇవి ఓపీసీ లెక్కలు. పీపీసీకి ఇంజినీరు ఇంకొన్ని రోజులు పెంచుతారు. ఆయన సరే అనేదాకా తీయనివ్వకండి.

5. మూసేసే ముందు ఫొటో, నీళ్ల పరీక్ష

స్విచ్ బోర్డులు ఎక్కడ రావాలో వైరింగ్ అతను వచ్చే ముందే మీరే సుద్దముక్కతో గోడ మీద గీయండి. మంచం ఎటు, ఫ్రిజ్ ఎటు, కూలర్ ఏ కిటికీకి అన్నది మీకే తెలుసు. పైపులు, వైర్లు వేశాక, గిలాబుకు ముందు, ప్రతి గోడకూ టేపు ఆనించి ఫొటో తీయండి. రేపు మేకు కొట్టేటప్పుడు అదే మీ నక్ష.

నీళ్ల పైపులకు ప్లంబర్‌తో ప్రెజర్ పంపు పెట్టించి రాత్రంతా వదలండి. పంపు మీటరు ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. బాత్రూమ్ కింద లోతుగా వదిలిన పల్లపు స్లాబ్‌ను నింపే ముందు నీళ్లు పోసి, నీటి మట్టం దగ్గర గీత గీసి రెండు రోజులు ఉంచండి. కింద చెమ్మ రాకూడదు. టైల్స్ వేశాక ఈ పరీక్ష అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

6. లప్పం, రంగులు

ఇది నిజంగా మీరు చేసుకోగల పని. ఓపిక ఉంటే చాలు. లోపలి గోడలు మీరు చేసి, బయటివి పెయింటర్‌కు ఇవ్వండి.

గోడ ఆరిందో లేదో: గిలాబుకు నీళ్లు పట్టడం ఆపాక కూడా వదిలేసి, మొత్తం కనీసం 28 రోజులు ఆగండి. వానాకాలంలో ఇంకా ఎక్కువ. అనుమానం ఉంటే అడుగు చదరం ప్లాస్టిక్ కవర్‌ను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రోజు ఉంచండి. లోపల చెమట పడితే ఇంకా ఆగాలి. గృహప్రవేశం ముహూర్తం తరుముతోందని మేం రెండు వారాలకే హాలు గోడకు రంగు వేశాం. దసరాకు బొబ్బలు లేచాయి. మళ్లీ గీకి, ఆరబెట్టి, మొదటి నుంచి చేసుకున్నాం. ముహూర్తం దగ్గరపడితే ఒక్క పూజ గది గోడలకు సున్నం వేసి పాలు పొంగించుకోండి, మిగతాది తర్వాత చూడొచ్చు.

సామాను లెక్క: 10 అడుగులు, 12 అడుగుల గది, ఎత్తు 10. గోడలు 440 చదరపు అడుగులు, తలుపు, కిటికీ పోగా 400. పైకప్పు 120. మొత్తం 520. రెండు పూతల ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) లీటరుకు 60 చదరపు అడుగులు వస్తే 9 లీటర్లు. లప్పం రెండు పూతలు కిలోకు 12 అడుగులు వస్తే 43 కిలోలు. డబ్బా మీద రాసేది నున్నటి గోడకు. మీ గోడ గరుకుదైతే ఇంకొంచెం పడుతుంది.

వరుస: వైట్ సిమెంటు లప్పానికి కింద ప్రైమర్ (పై పూత పట్టుకోవడానికి ముందు వేసేది) అక్కర్లేదు. గోడను గీకి, దుమ్ము దులిపి, కొద్దిగా నీళ్లు చల్లి పూయాలి. లోపల ఆరిన గోడకు పైన చల్లే తడి ఇది, రెండింటినీ కలగలపకండి. ప్రైమర్ దాని మీద వస్తుంది. అక్రిలిక్ లప్పం అయితే ఈ వరుస తిరగబడుతుంది: ఎండు గోడకు ముందు ప్రైమర్, దాని మీద లప్పం. షాపతను ఏది ఇచ్చాడో సంచి చదివి తెలుసుకోండి.

రెండు గంటల్లో వాడగలిగినంతే కలపండి. గట్టిపడ్డ లప్పంలో నీళ్లు పోసి మళ్లీ కలిపితే అది పొడిగా రాలుతుంది. కింది నుంచి పైకి పలుచగా లాగండి. రెండో పూత తెల్లారి. రెండూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటకూడదు. గోడ వంకరను లప్పంతో సరిచేద్దామనుకోకండి, అది గిలాబు తప్పు, మేస్త్రీని పిలవండి. ఆరాక 180తో, తర్వాత 320తో రుద్దండి. మాస్కు లేకుండా రుద్దితే సాయంత్రానికి దగ్గు పట్టుకుంటుంది. దుమ్ము తుడవకుండా ప్రైమర్ వేస్తే అది గోడకు కాదు, దుమ్ముకు అంటుకుంటుంది.

రంగు ముందు పైకప్పుకు, తర్వాత గోడలకు. ఒకే రంగు డబ్బాలన్నీ పెద్ద బకెట్‌లో కలుపుకోండి. డబ్బాకు డబ్బాకు కొంచెం తేడా ఉంటుంది, గోడ మధ్యలో అది గీతలా కనబడుతుంది. నీళ్లు డబ్బా మీద చెప్పినంతే. ఒక గోడ మొదలుపెడితే చివరిదాకా ఆపకుండా పూర్తి చేయండి, భోజనానికి లేచిన చోట మచ్చ మిగులుతుంది. మాస్కింగ్ టేపును రంగు పూర్తిగా ఎండకముందే లాగేయండి.

చూసుకోవడం: రాత్రి మిగతా లైట్లు ఆపి, చేతిలో బల్బు గోడకు ఆనించినట్టు పక్క నుంచి పట్టండి. పగలు కనబడని గుంతలు, రోలర్ చారలు అన్నీ నీడలు పడి బయటపడతాయి. లప్పం రుద్దాక ఒకసారి, మొదటి పూత తర్వాత ఒకసారి ఇలా చూడండి. చివరి పూత అయ్యాక చూస్తే బాధ తప్ప లాభం లేదు. తెల్ల గుడ్డతో గట్టిగా తుడిచినప్పుడు పొడి అంటితే ప్రైమరో, నీళ్ల పాళ్లో తప్పింది.

7. మిద్దెకు తెల్ల పూత

ఒక్కో పూత సాయంత్రం రెండు మూడు గంటల పని. మిద్దెను బాగా కడిగి, ఆరాక తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయండి. డబ్బు తక్కువైతే సున్నం, కానీ అది ప్రతి ఎండాకాలం ముందు మళ్లీ వేయాలి. ఇంటి లోపలి వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చింది. సున్నం నానబెట్టేటప్పుడు అది ఉడుకుతుంది, పిల్లలను దూరంగా ఉంచండి. పగుళ్లు ఉంటే ముందు వాటిని పూడ్పించాలి, తెల్ల పూత కారడాన్ని ఆపదు.

8. మొదటి గట్టి వాన

వాన పడుతుండగానే టార్చి, సుద్దముక్క పట్టుకుని ఇల్లంతా తిరగండి. కిటికీల పై మూలలు, పైకప్పు అంచులు, బాత్రూమ్ వెనక గోడ, మెట్ల కింద. చెమ్మ కనబడిన చోట సుద్దతో చుట్టూ గీసి తేదీ రాయండి, ఫొటో తీయండి. వాన ఆగాక మిద్దె ఎక్కి చూస్తే, ఎక్కడ నీళ్లు నిలిచాయో అక్కడ వాలు తప్పింది. వారం తర్వాత ఇంకో వానకు గీత దాటి చెమ్మ పెరిగితే మేస్త్రీకి ఫోన్ చేసే ముందు ఆ రెండు ఫొటోలూ పంపండి.